పంచుకోని సిగార్

జీషాన్‌ను పోగొట్టుకున్న రోజు ఆదోని మార్కెట్ యార్డుకు ఆ ఏటి కొత్త పత్తి వచ్చింది. యార్డు బయట రోడ్డు పొడుగునా లారీలు ఆగి ఉన్నాయి. గాలికి లేచిన దూది పోగులు కారు అద్దానికి అంటుకుంటున్నాయి. వైపర్ వేస్తే అవి పక్కకు జరిగాయే గాని పోలేదు.

కారులో ఇద్దరున్నారు. స్టీరింగ్ దగ్గర జీషాన్. బెంగళూరులో విదేశీ సిగార్లు దిగుమతి చేసుకునే వ్యాపారిగా అతని కవర్, అంటే పైకి వేసుకున్న వేషం. పక్కన హయగ్రీవ. తలపాగా, నెరిసిన పెట్టుడు గడ్డం, మందపాటి కళ్ళద్దాలు. జీషాన్‌కు పెట్టుబడి పెట్టే హొళగుంద పత్తి వ్యాపారిగా ఇతని కవర్. నిజానికి ఇద్దరూ ఒకే గూఢచారి శాఖ ఏజెంట్లు. ఆరేళ్ళుగా జంటగా పనిచేస్తున్నారు.

"కడాసారి అడుగుతాండా సామీ. సిగారు కాల్చే కొసని ఏమంటారు?" అన్నాడు జీషాన్.

"ఏదో అంటారు. కాల్చేది నువ్వు. నేను పక్కన కూర్చుంటే చాలన్నావు కదా."

"ఫుట్టు. నోట్లో పెట్టుకునేది హెడ్డు. ఆ హెడ్డు మీద సిన్న ఆకుముక్క టోపీ మాదిరి అతికించింటారు, అది క్యాపు. ఇంత కూడా రాదంటే ఎట్లప్పా?"

"మా నాన్న ఈపాటికి మంత్రాలయంలో మడి కట్టుకుని సంధ్యావందనం చేస్తుంటాడు. నువ్వు నాకు చుట్ట పాఠం చెబుతున్నావు."

"సుట్ట అనొద్దు. సోరెల్ ముందర ఆ మాట అంటే మనల్నిద్దర్నీ ఆడే సుట్టేస్తాడు." జీషాన్ నవ్వాడు. "మా యమ్మ నీకని సేమియా పంపించింది. ఎనక సీట్లో ఉండాది. మళ్ళా ఏకాదశి అంటావా ఏంది? మీకు వారానికెన్ని ఏకాదశులొస్తాయి సామీ?"

హయగ్రీవ వెనక్కి తిరిగి సేమియా డబ్బా వైపు చూశాడు. జీషాన్ నీళ్ళ సీసా పైకెత్తి, పెదవులకు తగలకుండా తాగి, అదే సీసా అతనికి అందించాడు. మొదటి నెలలోనే జీషాన్ ఆ పద్ధతి నేర్చుకున్నాడు. ఎవరూ చెప్పలేదు. పక్కవాడికి ఎంగిలి పట్టింపు ఉందని తనే గమనించాడు. మొదట్లో చొక్కా మీద పోసుకునేవాడు.

సోరెల్ ఏ దేశస్థుడో శాఖకు తెలియదు. అతని ఫొటో కూడా లేదు. అతని ముఠాకు శాఖ పెట్టుకున్న పేరు గ్రే యాష్. ఒక విత్తన పరిశోధన కేంద్రం కోల్డ్ రూమ్ నుంచి ఆ ముఠా ఏ-నైన్ అనే పత్తి మూలవిత్తనాన్ని దొంగిలించింది. తెచ్చుకోగలిగినంత తెచ్చుకుని మిగిలినది తగలబెట్టింది. ఒక్క వానతో కాయ పట్టే రకం అది. కోసిగి, దేవనకొండ, హొళగుంద మెట్టపొలాలను దృష్టిలో పెట్టుకుని ఏళ్ళ తరబడి తయారుచేసినది. ఇప్పుడు లోకంలో ఉన్న ఏ-నైన్ అంతా సోరెల్ దగ్గరున్న గుప్పెడు గింజలే. సిగార్ల లోపల దాచి వాటిని దేశం దాటిస్తారని సమాచారం. దాటితే, ఇక్కడి రైతు తన విత్తనాన్ని తానే పరాయివాడి దగ్గర కొనుక్కోవాలి.

సరుకు దాటించే మనిషిగా సోరెల్ జీషాన్‌ను నమ్మడానికి సగం ఏడాది పట్టింది. చివరికి ఒక షరతు పెట్టాడు. పెట్టుబడి పెట్టే పార్ట్‌నర్ ఎవరో తను కళ్ళారా చూడాలి.

జిన్నింగ్ మిల్లు వెనకాల బంగళా. తలుపు దగ్గర ఒకామె ఎదురొచ్చింది. ముదురాకుపచ్చ పట్టు చీర, భుజాల దాకా కత్తిరించిన జుట్టు, చేతిలో వెండి ట్రే. మహజబీన్. సోరెల్ కొలువులో సిగార్లు ఎంచి, కోసి, వెలిగించి ఇవ్వడం ఆమె ఉద్యోగం. సోరెల్ సంగతులు శాఖకు చేరవేయడం ఆమె రెండో ఉద్యోగం. ఆమెతో మాట్లాడేది జీషాన్ ఒక్కడే.

"ఈ ఏడు ఆకు ఎలా ఉంది?" అంది ఇంగ్లీషులో.

"వాన తక్కువ. వాసన ఎక్కువ" అన్నాడు జీషాన్.

సోరెల్ దగ్గరికి వచ్చేవాళ్ళందరికీ అదే కోడ్. సరిపోయింది. లోపల సోఫాలో సోరెల్. పొట్టి మనిషి, పాలిపోయిన కనుబొమలు, మెత్తని గొంతు. కుశలప్రశ్నలు అయ్యాక అన్నాడు: "నాకొక ఆచారం ఉంది. ఒకే సిగార్ పంచుకోలేని ఇద్దరికి నేను నా పెట్టె అప్పగించను."

జీషాన్ ట్రే మీది సిగార్ తీసుకున్నాడు. క్యాప్ కోశాడు. ఫుట్‌ను మంటకు దూరంగా తిప్పుతూ కాచాడు. వెలిగించి, ఒక దమ్ము నోట్లో నిలిపి వదిలి, హయగ్రీవకు అందించాడు.

హయగ్రీవ ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే ఆ పని చేసేవాడు కాదు. కుడిచెయ్యి సిగార్ అందుకుంది. ఎడమచెయ్యి జేబులోంచి రుమాలు తీసింది. జీషాన్ పెదవులు తగిలిన కొసను తుడిచి, తర్వాత నోట్లో పెట్టుకున్నాడు.

సోరెల్ ఆ రుమాలు మళ్ళీ జేబులోకి వెళ్ళేదాకా చూశాడు.

"చిన్నప్పటి నుంచి ఒకే కంచంలో తిన్నామని చెప్పావు" అన్నాడు జీషాన్‌తో.

"మావాడికి శుభ్రం జాస్తి సార్." జీషాన్ పెద్దగా నవ్వి తెలుగులోకి మారాడు. "అన్నా, ఈడ నేను సూసుకుంటా గానీ, నువ్వు పోయి బండ్లో ఏసీ ఏసి పెట్టు. ఎండకి కాలిపోయింటాది."

హయగ్రీవ వెళ్ళి కారులో కూర్చున్నాడు. చెవిలోని ఇయర్‌పీస్‌లో జీషాన్ గొంతు వినిపించింది. సోరెల్‌తో మాట్లాడుతున్నట్టే, తొణకకుండా: "సార్, మీ ఆకు తడిసింది."

అది శాఖ కోడ్. కవర్ పోయింది, బయట ఉన్నవాడు వెంటనే వెళ్ళిపోవాలి, వెనక్కి రాకూడదు అని అర్థం. రూల్ అదే. హయగ్రీవ రూల్ ప్రకారం వెళ్ళిపోయాడు.

మిల్లు గోడౌన్‌లో పత్తి బేళ్ళు దొర్లి మీద పడి ఒకతను చనిపోయాడని సాయంత్రం తెలిసింది. పోలీసులు వెళ్ళేసరికి బంగళా ఖాళీ. జీషాన్ తల్లి చాంద్ బీకి ప్రమాదమనే చెప్పారు. సేమియా డబ్బా మర్నాడు కూడా వెనక సీట్లోనే ఉంది.

*

"ఆ మీటింగ్ సంగతి శాఖలో తెలిసింది ముగ్గురికి" అన్నాడు శాఖాధికారి భీమసేనరావు. "నాకు, నీకు, జీషాన్‌కి. కవర్ ఎలా పోయింది?"

"తెలియదు సార్."

"నేను చెప్పలేదు. నువ్వు చెప్పలేదు. మహజబీన్ చెప్పి ఉంటే నువ్వూ బయటపడేవాడివి కాదు." భీమసేనరావు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "నాకు బాధగానే ఉంది. కానీ జీషాన్ రెండు వైపులా ఆడి ఉండాలి. బేరం బెడిసి చంపి ఉంటారు. రికార్డులో అనుమానితుడని పెడుతున్నాను. ఆ ముద్ర ఉన్నన్నాళ్ళు శాఖ తరఫున ఎవరూ ఆ ఇంటి గడప తొక్కకూడదు. పరామర్శకు కూడా."

హయగ్రీవ నోరు తెరిచాడు. రుమాలు అనే మాట పలకడానికి ఎంతోసేపు పట్టదు. ఆ మాట పలికితే ఆ ముద్ర పడదు. ఎదురుగా కూర్చున్న మనిషి కూడా మడి తెలిసినవాడే. సంజాయిషీ చెప్పనక్కరలేకుండానే అర్థమైపోతుంది. అలా అర్థం కావడమే హయగ్రీవ భరించలేకపోయాడు.

"యస్ సార్" అన్నాడు.

"ఇంకో సంగతి. నరేన్ కామత్ అని ఒక స్మగ్లర్, సింగపూర్‌లో ఖరీదైన సిగార్లు సేకరించేవాడిగా చలామణీ అవుతాడు. నిన్న బెంగళూరు ఎయిర్‌పోర్టులో దొరికాడు. సోరెల్ అతణ్ణి ఎప్పుడూ చూడలేదు. జీషాన్ స్థానంలో సరుకు తీసుకోవలసింది అతనే. సోరెల్ మొహం చూసిన ఏజెంట్‌వి నువ్వొక్కడివే. కామత్‌గా నువ్వే వెళ్ళాలి. గడ్డం లేదు, తలపాగా లేదు, ఇంగ్లీషు తప్ప మాట్లాడవు. గుర్తుపట్టడు. అయితే కామత్ సిగార్ల పిచ్చివాడు. నీకేం తెలుసు?"

"ఏమీ తెలియదు సార్."

"మహజబీన్ నేర్పుతుంది."

*

ఆదోని పాతబజారులో ఒక బట్టల కొట్టు మీది గది. మహజబీన్ ఇక్కడ పట్టు చీరలో లేదు. వెలిసిన సల్వార్ కమీజ్‌తో చాప మీద కూర్చుని, ముందు సిగార్లు పరిచి పెట్టుకుంది.

"మళ్ళా సెప్పు."

"కొసలు: ఫుట్, హెడ్. హెడ్ మీద క్యాప్."

"లోపల్నుంచి బయటికి?"

"ఫిల్లర్, బైండర్, రాపర్."

"బట్టీ పట్టినావు. అర్థం కాలేదు." ఆమె ఒక పాత సిగార్‌ను బ్లేడుతో నిలువునా చీల్చింది. "పత్తి బేలు సూసినావు గదా. లోపలి పత్తి ఫిల్లరు. ఊడకుండా బిగించే పట్టీలు బైండరు. మీద గోనెగుడ్డ రాపరు. ఒగటే తేడా. ఈడ కొనేటోడు మీది గుడ్డను సూసి మురిసిపోతాడు."

బేలు అన్నాక ఆమె బ్లేడు కింద పెట్టేసింది.

"రింగ్ గేజ్?" అంది తర్వాత.

"లావు. యాభై అంటే..." ఆగిపోయాడు. "యాభై ఏమిటో గుర్తు లేదు."

"గాజుల సైజు రెండు-నాలుగు, రెండు-ఆరు అంటారు, యాడైనా వినింటివా? నువ్వెందుకు వింటావులే. మా నాన్నమ్మ గాజులమ్మేది. అంగుళాన్ని పదహారు భాగాలు చేసి గాజును కొలుస్తారు. సిగారుకి అరవైనాలుగు భాగాలు చేస్తారు. అందులో యాభై. అంగుళానికి కొంచెం తక్కువ. అయిపాయె. పొడుగు, లావు, ఆకారం మూడూ కలిపితే విటోలా. అయిదు అంగుళాల పొడుగు, యాభై లావు ఉంటే?"

"రోబస్టో."

"పర్వాలేదే! ఇంగ కాల్చు."

అతను కాల్చాడు. పొగ గొంతులోకి దిగింది. కళ్ళనీళ్ళు కారేలా దగ్గాడు.

"మింగొద్దప్పా! బీడీ అనుకున్నావా? నోట్లో తిప్పి వదిలేయాల. మజా అంతా నాలిక మీదే. స్ట్రెంగ్త్ వేరు, బాడీ వేరు, అదన్నా తెలుసునా? తల తిప్పేది స్ట్రెంగ్త్. నోట్లో నిండుగా అనిపించేది బాడీ. పులుసులో కారం వేరు, చిక్కదనం వేరు గదా, అట్ల. పొగ లాగేటప్పుడు సులువుగా వస్తాందా, బిగుతుగా వస్తాందా, అది డ్రా. ఇంగొగటి. బూడిదను మాటిమాటికీ రాల్చొద్దు. ఆర్పేటప్పుడు నలపొద్దు. పళ్ళెంలో పెట్టి వదిలేస్తే అదే సస్తాది. నలిపినావంటే కొత్తోడివని కుక్కక్కూడా తెలిసిపోతాది."

ఆమె పక్కనున్న చెక్కపెట్టె మూత తెరిచింది. లోపల దేవదారు వాసన, మూతకు ఒక చిన్న డయల్. "హ్యుమిడార్. దీంట్లో ఎప్పుడూ తడి ఉండాల. ముల్లు డెబ్బై కాడ నిలబడాల. ఎండ తగిలిందా, రాపరు పగులుతాది, ఇంగ చెత్తబుట్టకే. సిగార్ల మీద ప్రేమున్నోడు బిడ్డకన్నా భద్రంగా సూసుకుంటాడు ఈ పెట్టెను."

పాఠం కాగానే హయగ్రీవ మూలనున్న కుళాయి దగ్గరికి వెళ్ళి నోరు పుక్కిలించాడు. మళ్ళీ పుక్కిలించాడు. వెనక నుంచి ఆమె గొంతు వినిపించింది.

"రావుసారుకి సెప్పినావా?"

అతను కుళాయి కట్టలేదు.

"ఆ పొద్దు నేను ట్రే పట్టుకోని ఆడే నిలబడింటి. జీషానన్న నోరు తగిలినకాడ తుడిచినావు. నువ్వు తుడిచినాక జీషానన్న మొగం సూసినావా? లే, సూసిండవు. కోపమేం లేదు. ఏదో మరిచిపోయినట్ల సూసినాడు. ముందే గుర్తుపెట్టుకొని ఉండాల్సింది, తప్పు నాదే, అన్నట్ల."

"చెప్పలేదు" అన్నాడు హయగ్రీవ.

"అనుమానితుడని పెట్టినారంట గదా. సాంద్ బీ ఇంటికి మీవోళ్ళు ఎవురూ పోలేదంట."

"నువ్వైనా చెప్పి ఉండవచ్చు."

"రెండు పక్కలా కూలి తీసుకునేదాన్ని. నా మాట ఎవురు నమ్ముతారు? అయినా అది నేను సెప్పేది కాదు. నువ్వు సెప్పాల్సింది."

"ఇప్పుడు చెబితే నన్ను ఈ మిషన్ నుంచి తప్పిస్తారు. సోరెల్ మొహం తెలిసినవాడు ఇంకెవరూ లేరు."

అది నిజమే. కానీ పూర్తి నిజం కాదు. మిషన్ సంగతి ఎత్తకముందు కూడా చెప్పడానికి అతనికి వీలు దొరికింది. అప్పుడూ చెప్పలేదు.

"సరే. అయినాక సెప్పు" అంది. తను కాలుస్తున్న సిగార్ అతని వైపు చాచింది. "పట్టు. సోరెల్ మళ్ళా అదే పరీక్ష పెడతాడు."

అతను అందుకున్నాడు. ఎడమచెయ్యి జేబు దాకా వెళ్ళి ఆగింది. అక్కడే ఉండిపోయింది. నోట్లో పెట్టుకోలేకపోయాడు.

మహజబీన్ సిగార్ వెనక్కి తీసుకుంది. "ఆ పొద్దు రుమాలు జేబులో పెట్టుకోకుండా రా."

"పెట్టుకునే వస్తాను. రుమాలు లేక తుడవకపోతే అది తుడవకపోవడం కాదు."

ఆమె అతన్ని కొంచెం సేపు చూసింది. నవ్వలేదు. "ఇంత ఆలోచన ఆ పొద్దు ఉండుంటే" అని, మాట పూర్తి చేయకుండా సిగార్లు పెట్టెలో సర్దుకుంది.

*

ఎమ్మిగనూరులో ఒక నేత బట్టల వ్యాపారి ఇంటి మేడ. కింద మగ్గాలు ఆడుతున్నాయి. వీధి అరుగు మీద నూలు కండెల సంచీ పక్కన పెట్టుకుని శాఖ మనిషి ఉరుకుందు టీ తాగుతున్నాడు. చూసేవారికి అతను నూలు వ్యాపారి గుమాస్తా. అతని లుంగీ మడతలో పిస్టల్ ఉంది, నడుముకు చిన్న రిసీవర్ ఉంది. హయగ్రీవ జేబులోని లైటర్ మూతను మూడుసార్లు తెరిచి మూస్తే ఆ రిసీవర్ వణుకుతుంది. పక్కసందులో మిగిలిన టీమ్ ఉంది.

నున్నగా గీసిన గడ్డం, లేత రంగు సూటు, కణతల దగ్గర వేసిన నెరుపు. హయగ్రీవ మెట్లెక్కాడు.

"ఈ ఏడు ఆకు ఎలా ఉంది?" అంది మహజబీన్. ఇవాళ ఎర్ర చీర.

"వాన తక్కువ. వాసన ఎక్కువ."

సోరెల్ లేచి చెయ్యి కలిపాడు. మాటలన్నీ ఇంగ్లీషులో సాగాయి. ఎదురుగా బల్ల మీద మూడు హ్యుమిడార్లు. కిటికీ గట్టు మీద, ఎండ పడే చోట, నాలుగోది.

"మిస్టర్ కామత్, ఇదేమిటో చెప్పండి."

హయగ్రీవ సిగార్ వేళ్ళ మధ్య తిప్పాడు. "రోబస్టో. యాభై గేజ్. రాపర్ మీద నూనె మెరుస్తోంది. బాగా చూసుకున్నారు."

"ఎలా కోస్తారు?"

"తిన్నగా. క్యాప్ అంచు దాటకుండా. దాటితే రాపర్ విడిపోతుంది."

సోరెల్ తల ఊపి మహజబీన్ వైపు చూశాడు. ఆమె సిగార్ తీసుకుని కోసింది. ఫుట్‌ను మంటకు కాచి, వెలిగించి, ఒక దమ్ము లాగి వదిలింది. ఆమె పెదవుల రంగు కొస మీద కొంచెం అంటింది. చెయ్యి చాచింది.

రుమాలు ఎడమ జేబులో ఉంది.

హయగ్రీవ సిగార్ అందుకుని నోట్లో పెట్టుకున్నాడు. పొగను నాలుక మీద నిలిపి వదిలాడు. ఏమీ కాలేదు. నోట్లో పొగ వాసన తప్ప ఏ మార్పూ లేదు. ఇది ఇంత తేలికైన పని. జీషాన్ ఆ సాయంత్రం ప్రాణాలతో ఇల్లు చేరి అన్నం తినడానికి కావలసి వచ్చింది ఇంతే. అతని చెవులు వేడెక్కాయి. మొహం దాచుకోవడానికి మరో దమ్ము లాగాడు.

"మీడియం బాడీ" అన్నాడు. "డ్రా కాస్త బిగుతుగా ఉంది. ఫిల్లర్ ఎక్కువ కూరారు."

"భలే!" సోరెల్ బల్ల మీది మధ్య పెట్టెను అతని ముందుకు జరిపాడు. "ఇది మీది. లోపలి సిగార్లలో మీకు కావలసినది ఉంది. రేపటికి సింగపూర్లో ఉండాలి. ఈ పూటే బయలుదేరండి. నేను కొన్నాళ్ళు ఇక్కడే ఉంటాను."

మహజబీన్ కనురెప్పలు ఒక్కసారి వాలాయి. సరుకు చేతికొచ్చింది, సిగ్నల్ ఇవ్వు అని దాని అర్థం. హయగ్రీవ చెయ్యి లైటర్ మీదికి వెళ్ళింది. మూత ఎత్తబోతూ పెట్టె డయల్ వైపు చూశాడు.

ముల్లు డెబ్బై దగ్గర ఉంది.

సిగార్‌కు అది సరైన చోటు. కానీ విత్తనానికి? తడి తగిలిన పత్తి గింజ ఆ పెట్టెలోనే బూజు పడుతుంది. ఆదోని చుట్టుపక్కల పుట్టిన ఎవరికైనా ఆ సంగతి ఒకరు నేర్పనక్కరలేదు. మిగిలిన రెండు పెట్టెల డయళ్ళూ డెబ్బై చూపిస్తున్నాయి. కిటికీ గట్టు మీది పెట్టె ముల్లు మాత్రం ముప్పైకి ఇవతలే పడి ఉంది. సిగార్లను బిడ్డల్లా చూసుకునే మనిషి ఒక పెట్టెను తీసుకెళ్ళి ఎండలో పెట్టుకున్నాడు. కిటికీ కింద బళ్ళారి నంబరు కారు, ఇంజన్ ఆన్‌లో ఉంది.

కామత్ ఎర మాత్రమే. పోలీసులు కామత్ వెంట పడతారు. సోరెల్ హొళగుంద మీదుగా కర్ణాటకలోకి జారుకుంటాడు.

"మిస్టర్ సోరెల్, ఆ పెట్టె పాపం ఎండలో ఉంది" అన్నాడు హయగ్రీవ. లైటర్ మూత తెరిచాడు, మూశాడు. "రాపర్లు పగిలిపోతాయి." తెరిచాడు, మూశాడు. "నీడలోకి జరపనా?" తెరిచాడు.

సోరెల్ మొహంలో మర్యాద పోయింది. కిటికీ దగ్గరికి ఒక్క ఉరుకు ఉరికాడు. పెట్టె మూత ఎత్తి, జేబులోంచి టార్చ్ లైటర్ తీసి నొక్కాడు. నీలంమంట బుస్సుమంటూ వచ్చింది. తనకు దక్కనిది ఇంకెవరికీ దక్కకూడదు. కోల్డ్ రూమ్‌లోనూ ఆ ముఠా చేసింది అదే.

హయగ్రీవ చేతిలోని లైటర్ మూత మూడోసారి మూసుకుంది. దాన్ని అక్కడే వదిలేసి అతను బల్ల మీదుగా దూకాడు. మంటకూ పెట్టెకూ మధ్య అడ్డం పెట్టడానికి అతని దగ్గర ఏమీ లేదు. అరచెయ్యి పెట్టాడు. చర్మం కాలిన వాసన వచ్చింది. రెండో చేత్తో మూత లాగి మూశాడు. అంచు సిగార్‌కు అప్పటికే నిప్పంటుకుంది. మూత కింద గాలి ఆడక అది ఆరిపోయింది. మహజబీన్ వెండి ట్రేను సోరెల్ మణికట్టు మీద వేసింది. టార్చ్ కింద పడింది.

తలుపు తోసుకుని ఉరుకుందు వచ్చాడు. ఒక చేతిలో పిస్టల్, చొక్కా మీద టీ మరక.

"చేతులు లేపు నాయనా. ఇంగ్లీషు రాదు నాకు. లేపితే సాలు." తర్వాత హయగ్రీవతో: "రెండు గుక్కలన్నా తాగనీకపోతివి గదా సార్!"

మహజబీన్ ఆరిన సిగార్‌ను నిలువునా చీల్చింది. రాపర్ ఉంది, బైండర్ ఉంది. ఫిల్లర్ ఉండవలసిన చోట నూగు దూదితో పత్తి గింజలు వరుసగా ఉన్నాయి. ఒక్కటి కూడా కాలలేదు.

సంకెళ్ళు వేస్తుండగా సోరెల్ హయగ్రీవ ఎడమ జేబు వైపు చూశాడు. ఆ కుస్తీలో రుమాలు సగం బయటికి వచ్చింది. సోరెల్ దాన్ని గుర్తుపట్టాడు.

"ఆ రోజు గడ్డంవాడివి నువ్వేనన్నమాట" అన్నాడు మెత్తగా. "బాగా నేర్చుకున్నావు. నీ స్నేహితుడు బతికుండగా నేర్చుకోవలసింది."

హయగ్రీవ కాలని చేత్తో రుమాలును జేబులోకి తోసి, ఏ-నైన్ పెట్టెను ఎత్తుకున్నాడు.

*

భీమసేనరావు అతని కట్టు కట్టిన చెయ్యి చూసి, కుర్చీ చూపించాడు. గింజలు కొత్త కోల్డ్ రూమ్‌కు చేరాయి. మొలక పరీక్ష బాగుంది. మహజబీన్ వేరే ఊరికి, వేరే పేరుకు మారిపోయింది. ఢిల్లీ నుంచి మెచ్చుకుంటూ ఫోన్ వచ్చింది.

హయగ్రీవ కూర్చోలేదు.

"సార్, జీషాన్ కవర్ ఎలా పోయిందో నాకు మొదటి రోజు నుంచీ తెలుసు."

చెప్పాడు. సిగార్, రుమాలు, సోరెల్ చూపు. చెప్పడానికి అనుకున్నంతసేపు కూడా పట్టలేదు. భీమసేనరావు మధ్యలో ఒక్క ప్రశ్న అడగలేదు.

"మా ఇంట్లోనూ అంతే" అన్నాడు ఎట్టకేలకు. "పనిమనిషి గ్లాసు ఇప్పటికీ వేరు." బల్ల మీది ఫైలు మూశాడు. "హయగ్రీవా, ఆపరేషన్ సక్సెస్. నీ పేరు పైకి వెళ్ళింది. ఇదంతా ఇప్పుడు రికార్డు మీదికి తేవడం అవసరమా? చనిపోయినవాడు ఎలాగూ..."

"అవసరం సార్. అతను అనుమానితుడు కాదు. తప్పు చేసింది నేను. అతను నన్ను బయటికి పంపి తను లోపల ఉండిపోయాడు."

"నీ మీద విచారణ వస్తుంది."

"రానివ్వండి సార్."

భీమసేనరావు లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. "ఆ ముద్ర తీసేస్తాను. విధి నిర్వహణలో మరణం అని మారుస్తాను. జీషాన్ తల్లికి రావలసినవన్నీ వస్తాయి. కానీ, అది ప్రమాదం కాదని, అసలేం జరిగిందో ఆ తల్లికి చెప్పేది నేను కాదు. ఆ పని నీది."

విచారణ వచ్చింది, అయింది. హయగ్రీవకు కొన్నాళ్ళు ఫీల్డ్ పని లేదు. చెయ్యి మానింది, మచ్చ మిగిలింది. కొత్తగా చేరినవాళ్ళకు అతను క్లాసులు చెబుతున్నాడు. కవర్ ఎలా కట్టుకోవాలి, ఎలా నిలబెట్టుకోవాలి అన్నది విషయం. అందులో సిగార్ల మీద ఒక పూట పాఠం ఉంది. బాగా చెబుతాడని పేరు.

రెండు శుక్రవారాలు అతను ఆదోని వెళ్ళాడు. చాంద్ బీ ఉండే వీధి మొదట్లో కారు ఆపాడు. ఒకసారి ఆమె గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతోంది. కారును చూసి, ఎవరో దారి తప్పి వచ్చారనుకుని, "యాడికి పోవాలప్పా?" అని కేకేసింది. యార్డుకు దారి అడిగాడు. ఆమె లేచి నిలబడి, చెయ్యెత్తి చూపించింది.

ఇప్పుడు సిగార్‌లో ఏ భాగం పేరు అడిగినా హయగ్రీవ తడుముకోకుండా చెబుతాడు. చాంద్ బీకి చెప్పవలసినది ఇంకా చెప్పలేదు.